ఐసు లేని చేపలు

జూన్ 3, సోమవారం

తెల్లవారుజామున జల్లు, తర్వాత ఉక్కపోత. ఆరు కిలోల ఉల్లిపాయలు తరిగాను. సామిల్లు క్యాంటీన్లో నా నెల ట్రయల్‌కి ఈరోజు ఇరవయ్యొకటో రోజు. గట్టెక్కితే పర్మనెంట్. లేకపోతే మళ్ళీ వదిన వంటింట్లో వదిన చెప్పినట్టు. రేపు చేపలు. మిల్లు పనివాళ్ళు అరవైమందీ ఇవాళే ఉత్సాహంగా ఉన్నారు.

జూన్ 4, మధ్యాహ్నం 2

ఎనిమిదికి రావాల్సిన చేపల బండి పదకొండున్నరకు వచ్చింది. దారిలో టైరు పేలిందట. కానాగంత చేపలు, టార్పాలిన్ కింద, వేడివేడిగా. ఐసు కరిగి నీళ్ళు కూడా మిగల్లేదు.

పెద్ద వంటాయన మొప్పలెత్తి చూసి, ఎర్రగానే ఉన్నాయి అన్నాడు. తర్వాత ఆయన పద్ధతి: ఒక ముక్క పిల్లికి వేశాడు. అది తిని మూతి నాక్కుంది. ఇంకేం, పొయ్యి వెలిగించు అన్నాడు.

మా అక్క నర్సు. ఇలాంటి చేప ఎండలో ఉంటే విషం పుడుతుందనీ, వాసన రాకపోవచ్చనీ, ఉడికించినా వేయించినా పోదనీ ఒకసారి చెప్పింది. అదే చెప్పాను. నిప్పుకు లొంగని విషమేమిటే పిల్లా, నీకంటే నా గరిటె వయసు ఎక్కువ అని నవ్వాడు. మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన గడియారం చూసుకుని, సరే ఆపు, కానీ అరవైమందికి జవాబు నువ్వే చెప్పుకో అన్నాడు.

పప్పు, గుడ్డు పెట్టాను. చేపలు మిల్లు వెనక గొయ్యి తీసి పూడ్చాను.

సాయంత్రం 5

నాకు పేరు పెట్టారు. ఐసమ్మ. రంపం మిషన్ మీద పనిచేసే ఆయన, ఐసమ్మగారూ, ఈ గుడ్డు చల్లబడింది, తినొచ్చా అని అడిగాడు. అందరూ పళ్ళాలు వాయించారు. మేనేజర్ నవ్వలేదు. అదే భయం.

పూడ్చేటప్పుడు లెక్కకు నాలుగు చేపలు తగ్గాయి. బంగారంలాంటి చేపలు, పారేయడానికి మనసొప్పలేదు అని పెద్ద వంటాయన సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. తినొద్దు బాబాయ్ అని గేటు దాకా వెంటపడ్డాను. వినిపించుకోలేదు.

జూన్ 5

పది గంటలకు పెద్ద వంటాయన తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. వేపుడు తిన్న అరగంటకే మొహం దానిమ్మగింజలా ఎర్రబడిందట. ఒళ్ళంతా దురద, తలనొప్పి. ఇంట్లో ఆవిడ అదృష్టవశాత్తూ అలిగి తినలేదు. డాక్టర్ చేపలు ఎక్కడివి అని ముందదే అడిగి, తర్వాత మాత్రలిచ్చాడట. ఇప్పుడు పర్వాలేదు, గోక్కోవడం తప్ప.

పిల్లుల్ని నమ్మి ముప్పై ఏళ్ళు వంట చేశానే అన్నాడు. నవ్వు ఆపుకోలేక స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళాను.

జూన్ 6

ఇవాళ ఎవరూ ఐసమ్మ అనలేదు. కొంచెం వెలితిగా ఉంది.

జూన్ 10

మేనేజర్ పిలిచాడు. పర్మనెంట్. సరుకు దించుకుని సంతకం పెట్టే పుస్తకం కూడా నాకే. పెద్ద వంటాయనే చెప్పాడట, ఆ పిల్ల మొండిది, ఉంచుకోండి అని. ఆ మాట నాతో మాత్రం అనలేదు. ఉల్లిపాయలు సన్నగా తరగడం రాదు అన్నాడు.

జూన్ 11, మంగళవారం

ఎండ. బండి ఏడున్నరకే వచ్చింది. ఐసు లేదు. సంతకం పెట్టలేదు. డ్రైవర్ ఏడు నలభైకి చేపలతోనే వెళ్ళిపోయాడు.