రాని మాట చుట్టూ సున్నా

1993 మార్చి 4

మూడు లైన్లు. మూడే! పంపింది రెండు పేజీలు. ట్యాంకు కట్టి రెండేళ్లయినా పైపు కలపని సంగతి, బోరు నీళ్లలో ఫ్లోరిన్, ఇంజనీరు దాటేసిన మాటలు... అన్నీ రాశాను. 'మోత్కూరులో తాగునీటి ఎద్దడి' అని హెడ్డింగ్ పెట్టి, కింద మూడు లైన్లు మిగిల్చాడు. హైదరాబాదు డెస్కులో కత్తెర పట్టుకుని కూర్చున్న మహానుభావుడు ఎవడో. పన్నెండేళ్ల నుంచి ఈ పేపరుకు ఇక్కడ ఏజెంటును నేనే, విలేకరిని నేనే. వాడికి నా మొహం కూడా తెలియదు.

సైదమ్మ బడికి పోయింది. పెళ్లయి పదహారేళ్లయ్యాక నా భార్య చేతికి పలక! దర్జీ మహబూబ్ కూతురు రజియా దసరా నుంచి ఆడవాళ్లకు చదువు చెబుతోంది, రోజూ సాయంత్రం నాలుగింటికి, మసీదు వెనక రేకుల షెడ్డులో. ఇప్పుడు రంజాన్ నెల, రోజా ఉండి కూడా మానడం లేదు. "పదహారేండ్ల సంది నీ పేపర్ల కట్టల నడుమ బతుకుతున్న, ఒక్క అచ్చరం అంటకపాయె" అంటుంది సైదమ్మ. సరదా పడుతోంది. పడనీ.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. ఇంట్లో సందుగ మీదే పెడతాను. చదివేవాళ్లు ఎవరున్నారు గనక.

మార్చి 7

ఏ పేపరు తీసినా సున్నాలే. పెన్సిల్ సున్నాలు. రజియా పెట్టిన పద్ధతి ఇది: రాని మాట దగ్గర ఆగిపోవద్దు, దాని చుట్టూ సున్నా చుట్టి ముందుకు పోవాలి, మర్నాడు బడిలో అడగాలి. ఇంట్లో పాత పేపర్లన్నీ మశూచి పోసినట్టున్నాయి.

అన్నిటికన్నా నా వార్తలోనే ఎక్కువ. 'ఎద్దడి'కి సున్నా. 'తక్షణమే'కు సున్నా. 'చర్యలు చేపట్టాలని'కి పెద్ద సున్నా.

"గివన్ని నువ్వే రాసినవా?"

"పేపర్లో అట్లనే రాయాలి."

"ఏమో. నాకైతే నీళ్లు లెవ్వని సమజ్ కానే లేదు."

మూలన కూర్చున్న మా అమ్మ కూడా నవ్వింది. అత్తాకోడళ్లు కలిసి నవ్విన రోజులు ఈ ఇంట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి నా మీదే.

మార్చి 12

సైదమ్మ ఉత్తరం రాసిందట. ఆడవాళ్ల పేజీకి. చదివి వినిపించమంటే సిగ్గుపడి మడిచేసింది.

రోజూ మూడు గంటల హైదరాబాదు బస్సులో నా వార్తల కవరు పోతుంది. డ్రైవరు ఖాసిం భాయ్ చేతికిస్తే అక్కడి బస్టాండులో పేపరోళ్ల డబ్బాలో వేస్తాడు. ఆ కవర్లోనే ఆమె ఉత్తరం కూడా పెట్టాను, నవ్వుకుంటూ. చెత్తబుట్ట దాకా పోయి వస్తుంది, పాపం.

మార్చి 17

ఆమె ఉత్తరాన్ని బాక్సు కట్టి వేశారు. పేరుతో. ఒక్క మాట మార్చలేదు.

'మా అత్త నడుము వంగి నేలనే చూస్తది. మా ట్యాంకు నిక్కి ఆకాశం చూస్తది. ఇద్దరికి సుక్క నీళ్లు లేవు...' అలా సాగింది. పన్నెండేళ్లలో నాకు తట్టలేదు ఈ ముక్క. మా అమ్మ నడుము నా కళ్ల ముందే వంగింది. నేను 'ఫ్లోరోసిస్ బాధితులు' అని రాశాను.

తొమ్మిదింటికల్లా కట్టంతా అమ్ముడుపోయింది. నేను ఏజెన్సీ మొదలెట్టినప్పటి నుంచి ఇదే మొదటిసారి. చాయ్ హోటల్లో ఒకడు గట్టిగా చదువుతున్నాడు, పదిమంది వింటున్నారు. "యాదగిరన్నా, వదినె గింత మంచిగ రాస్తదని ఒక్కనాడన్న చెప్పకపోతివి!" అందరికీ పళ్లికిలించాను. దవడలు నొప్పి పుట్టాయి.

కడుపు కుళ్లిపోతోంది. ఎవరికి చెప్పుకోను? రాసేస్తే తగ్గుతుందేమో. అసూయ. నాకు నా పెళ్లాం మీద అసూయ. రాశాను. తగ్గలేదు.

మార్చి 18

ఆ ఉత్తరాన్ని బస్సులో పెట్టింది ఎవరని ఒక్కడూ అడగలేదు.

మార్చి 20

బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన జిరాక్సు మిషను ఇవాళ నా భార్య కోసమే తిరుగుతోంది. ఆడవాళ్లు ఆ ముక్క జిరాక్సు తీయించి ట్యాంకు స్తంభాలకు అంటించారు. పక్క ఊళ్ల వాళ్లు తలా ఒకటి పట్టుకుపోతున్నారు.

మధ్యాహ్నం ఇంజనీరు జీపు. మా ఇంటి ముందు! నేను నాలుగుసార్లు అతని ఆఫీసుకు పోతే కూర్చోమని అనలేదు. ఇవాళ నా కుర్చీలో కూర్చుని, నన్నే అడుగుతాడు, "సైదమ్మ గారంటే ఎవరండీ?" గారు!

సైదమ్మ గ్లాసుతో బోరు నీళ్లు తెచ్చింది. "తాగుండ్రి సార్. మేం రోజు తాగేటియే."

పెదవికి ఆనించి కింద పెట్టేశాడు. వారం రోజుల్లో పైపు కలుపుతామన్నాడు. పోయేటప్పుడు ఆమెకు నమస్కారం పెట్టాడు, నాకు తల ఊపాడు.

సంతోషించాలి కదా నేను. నీళ్లు నాకూ వస్తాయి కదా. మా అమ్మకే కదా.

మార్చి 26

ఉగాది, రంజాన్ రెండూ వెంటవెంటనే. ఇక్కడి నుంచి ఉగాది పచ్చడి పోయింది, రజియా ఇంటి నుంచి సేమ్యా పాయసం వచ్చింది. గిన్నె తెచ్చిన రజియా తల్లి ఆమెను "సైదమ్మ టీచర్" అని పిలిచింది. తమాషాకే. నేను పాయసం తినలేదు, కడుపు బాగాలేదని చెప్పాను.

మార్చి 29

పైపు సంగతి లేదు. ఇంజనీరు ఫోనెత్తడు. బడి ఆడవాళ్లంతా కలిసి తేల్చారు: వచ్చే సోమవారం ఖాళీ బిందెలతో మండలాఫీసు ముందు కూర్చోవడం. చుట్టుపక్కల ఊళ్లకు తెలియాలంటే ఆదివారం లోపల పేపర్లో రావాలి. అందుకు సైదమ్మ ఇంకో ఉత్తరం రాయాలి. షెడ్డులో అందరూ ఒకటే మాటట, "నువ్వు రాయి సైదమ్మా, ఊర్లన్ని కదుల్తయి."

నేనున్నాను కదా ఇక్కడ, విలేకరిని. ఎవరికీ గుర్తు రాలేదు.

మార్చి 31

ఇచ్చింది. ఈసారి ఉత్తరం ఇవ్వడానికి సిగ్గుపడలేదు. "చదువు, తప్పులుంటె చెప్పు."

చదివాను. 'అక్కలారా, మీ ఇంటి బిందెను అడుగుండ్రి, అది ఎన్నిదినాల సంది ఎండకు ఎండుతున్నదో. సోమవారం దాన్ని సంకనేసుకొని రాండ్రి...' బాగుంది. దిక్కుమాలింది, మొదటిదానికన్నా బాగుంది.

నేనూ రాశాను అదే సంగతి. 'మహిళల ధర్నాకు సన్నాహాలు.' ఒక కవర్లో రెండూ పోతే ఏది వేస్తారో నాకు తెలుసు. ఆమెది బాక్సు, నాది బుట్ట.

నాదొక్కటే పెట్టి అంటించాను.

బస్సు దగ్గర ఖాసిం భాయ్, "గింతేనా సాబ్? ఇయ్యాల వదినె ఉత్తరం లేదా?"

"లేదు."

రేపు పంపుతాను. ఒక్క రోజులో ఏం కొంప మునుగుతుంది. ఉత్తరం ఈ డైరీలోనే మడిచి పెట్టాను. ఇంతకన్నా భద్రమైన చోటు ఇంట్లో లేదు. ఆమెకు అచ్చు అక్షరాలే వచ్చు, నా గొలుసు రాత ఆమె వల్ల కాదు.

ఏప్రిల్ 1

పంపలేదు.

ఏప్రిల్ 2

మరిచిపోయి కాదు. కవరు అంటించే ముందు డైరీ తెరిచాను, చూశాను, మూశాను.

ఏప్రిల్ 4

ఆదివారం. కట్ట విప్పకముందే సైదమ్మ నా పేపర్ల కొట్టుకు వచ్చి నిలబడింది. ముందు నుంచి వెనక్కి ఒకసారి తిప్పింది, వెనక నుంచి ముందుకు ఒకసారి. ఆమె ఉత్తరం లేదు. నా వార్తా లేదు.

"బస్సుల పెట్టినవు గదా?"

"పెట్టిన."

పదహారేళ్లలో అబద్ధాలు చాలానే చెప్పాను. ఈ ఒక్కటి చెప్పి పేపర్లు రెండుసార్లు లెక్కపెట్టాను.

ఏప్రిల్ 5

ధర్నాకు వచ్చింది మా వాడ ఆడవాళ్లే. పక్క ఊరి నుంచి ఒక్క బిందె రాలేదు. వద్దంటే వినకుండా మా అమ్మ కూడా పోయి కూర్చుంది, నేలను చూస్తూ. ఆమె ఇంకెక్కడా చూడలేదు కదా.

మండలాఫీసరు బయటికి రాలేదు. పన్నెండు దాటాక అటెండరు వచ్చి, "సార్ నల్లగొండ పోయిండు. గిట్ల కూసుంటరని పేపర్ల గూడ ఏం రాకపాయె, సార్‌కెట్ల ఎరుకైతది?" అన్నాడు.

ఎండకు ఒక్కొక్కరే లేచిపోయారు. బడికొచ్చే నర్సమ్మ అందరిలోనూ అనేసింది, "పేపర్ల ఏస్తరు, ఊర్లన్ని వస్తయంటివి. నీ మాట పట్టుకొని ముసల్దాన్ని గూడ ఎండల కూసోవెడితిమి." సైదమ్మ లేచింది. మా అమ్మ బిందెను కూడా తనే ఎత్తుకుని నడిచింది.

నేను చింతచెట్టు నీడన నోట్‌బుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క ముక్క రాసుకోలేదు.

ఇంటికొచ్చాక అంది, "నా రాతల పస లేదు గావచ్చు. నీకు ఎరుకే గదా. జర చెప్పకపోతివి."

ఛీ. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా ఆ మాట ముందు దిగదుడుపే.

ఏప్రిల్ 6

సైదమ్మ బడికి పోలేదు. రజియానే వచ్చింది. "గా ఉత్తరం నేను చూసిన గదా అక్కా, మొదటిదాని కన్న మంచిగుండె. ఎందుకు రాలేదో సమజైతలేదు." అంటూ నా వైపు చూసింది. నేను పేపర్ల కట్టకు పురికొస ముడి వేస్తున్నాను. మూడు ముళ్లు వేశాను అవసరం లేకుండా.

ఏప్రిల్ 8

చెప్పాలి. అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

సిగ్గు లేని మాట ఒకటి ఈ పేజీకే చెబుతున్నాను. ఆమె పెన్సిలు ముట్టడం లేదని లోపల ఎక్కడో నాకు హాయిగా ఉంది.

ఏప్రిల్ 10

హాయి అన్నాను కదా మొన్న.

కొట్టు నుంచి వచ్చేసరికి సందుగ మీద డైరీ అటుది ఇటు తిరిగి ఉంది. తెరిచాను.

సున్నాలు.

మార్చి 4 పేజీలో 'డెస్కు' చుట్టూ ఒకటి. 'ఎద్దడి'కి లేదు, అది ఇప్పుడు వచ్చు. మార్చి 17 పేజీలో 'బాధితులు' చుట్టూ ఒకటి. కింద 'అసూయ' చుట్టూ రెండు, ఒకదాని మీద ఒకటి, కాగితం చిరిగేంత నొక్కి. నా గొలుసు రాత మీద ఎంతసేపు కూర్చుందో. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుందో.

మార్చి 31 పేజీ తీశాను. ఒక్క సున్నా లేదు. ఆ పేజీలో ఆమెకు రాని మాట ఒక్కటీ లేదు.

ఉత్తరం కూడా లేదు.

వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు ఎప్పటిలాగే ఉంది. పిలిచి పెట్టింది. తిన్నాను. ఏమీ అనలేదు.

ఏప్రిల్ 11

ఇవాళ కూడా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండు.

ఏప్రిల్ 12

డైరీని కొట్టుకు తెచ్చుకున్నాను. ఇప్పుడు దాచి ఏం లాభమో. రెండు గంటల నలభై.

పది నిమిషాల కింద వచ్చింది. బల్ల మీద కవరు పెట్టింది. అన్నం మెతుకులతో గట్టిగా అంటించింది. పైన అడ్రసు ఆమె చేతిరాతే, పేపరు పేరులో ఒత్తుతో సహా.

"మూడు గంటల బస్సుకు" అంది.

సరేనన్నాను. ఆమె పోలేదు. చెంగుతో మొహం తుడుచుకుని నిలబడింది.

"అసూయ అంటే ఏందయ్యా? రజియాను అడుగుదామనుకున్న. మన ఇంటి ముచ్చట బయట ఎందుకని నిన్నే అడుగుతున్న."

పన్నెండేళ్లు మాటలతో బతికినవాణ్ని. ఆమెకు తెలిసిన మాట వెతుక్కున్నాను. "ఓర్వలేనితనం. కండ్లమంట."

"ఎవ్వరి మీద?"

"నీ మీదనే."

నన్ను చూసింది. కోపమైతే తెలిసేది. అది కోపం కాదు.

"గింత చిన్న మాటకు గంతమందిని ఎండల కూసోవెట్టినవా" అంది. వెళ్లిపోయింది. మసీదు వైపు, బడి తోవన.

కవరు నా చేతిలో ఉంది. వెలుతురుకు పట్టి చూశాను. లోపల కాగితాలు ఒకటి కాదు, రెండు. ఒకటి ఆ రోజు నేను ఆపింది కావచ్చు. రెండోది? నీళ్ల గురించా, నా గురించా? అచ్చయితే హోటల్లో గట్టిగా చదువుతారు. నా చేతుల మీదుగానే కట్ట విప్పి అమ్మాలి.

ఇవాళ నేను వార్తేమీ రాయలేదు. ఈ కవరు ఒక్కటే.

బస్సు మూల తిరిగింది. ఖాసిం భాయ్ నన్ను చూసి హారన్ కొడుతున్నాడు.