బుట్టలో మిగిలిన బూట్లు

డులూత్

అక్కా,

బూట్ల దుకాణం నుంచి వచ్చిన మెయిల్ గురించి చెబితే, "ముందు పంపినవాళ్ళ అడ్రస్ చూడవే, లింకు నొక్కకు" అన్నావుగా. చూశాను, సరిగ్గానే ఉంది. దుకాణానికే ఫోన్ చేశాను.

"మెయిల్ మాదేనండీ. మా వెబ్‌సైట్ బుట్టలో పిల్లల బూట్లు పెట్టి మీరే కొనకుండా వదిలేశారు" అంది అక్కడి అమ్మాయి.

నేను పెట్టలేదక్కా. సరస్సు మీద మంచు విరిగి మా పాప సిగ్నే మునిగిపోయిన దగ్గర్నుంచి ప్రతి చలికాలం ఈ మెయిలే వస్తోంది. ఏటా బూట్లు ఒక సైజు పెరుగుతున్నాయి.

తిట్టకు, ఈసారి కొనేశాను. ఇవాళ ఇంకో మెయిల్ వచ్చింది. మీ అభిప్రాయం రాసినందుకు ధన్యవాదాలట. కింద ఆ అభిప్రాయం: "సరిగ్గా సరిపోయాయమ్మా. ఇప్పుడు కాళ్ళకు చలి వేయడం లేదు."

బూట్ల పెట్టె నా ఎదురుగానే ఉంది. ఇంకా విప్పలేదు. విప్పమంటావా?

నీ చెల్లి