ఐదో రాయి మీద పెనం

సెప్టెంబర్ 27. సాయంత్రం 7:10

నాకు నేనే మెసేజ్ పెట్టుకుంటున్నా. నోటుబుక్కులో రాస్తే బావ చదువుతాడు. చదివి, రొట్టెల బండి హారన్ కొట్టుకుంటూ పది ఊళ్ళకి చెప్తాడు. ఫోన్‌కయితే లాక్ ఉంది.

విషయం ఏంటంటే, అక్టోబర్ 12న హద్దు నడక. తొమ్మిదేళ్ళకోసారి. మా ఊరు వాల్దెలోబ వాళ్ళు, అవతలి లోయలో కాస్త్రోమియెల్ వాళ్ళు కలిసి కొండంతా తిరిగి పదిహేడు హద్దురాళ్ళు చూసుకోవాలి. మా వైపు దారి చూపించేది ఎప్పుడూ సెఫెరీనో తాతే. ఈసారి తాతకి మోకాలు ఆపరేషన్ అయింది.

ఇవాళ బార్‌లో ఊరందరి ముందు లేచి అన్నాడు: "మా తోరీబియో చూపిస్తాడు."

నేను! కోలా కావాలంటే నోటితో అడగలేక వేలు చూపించే నేను!

బార్ అంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ బెలార్మీనో బావ. "వీడా తాతా? దారికి ఆవు అడ్డమొస్తే అది పోయేదాకా నిలబడతాడు. తప్పుకోమనడానికి సిగ్గు వీడికి."

నవ్వండి. నవ్వండి. చూపిస్తా మీ అందరికీ.

రేపట్నుంచి:
- పొద్దున 6కి లేవడం
- రోజూ పదిహేడు రాళ్ళూ, 19 కిలోమీటర్లు
- ప్రతి రాయి దగ్గరా దాని పేరు మూడుసార్లు అరవడం (ఆ రోజు అందరి ముందు అరవాల్సింది దారి చూపించేవాడే)
- ఫోన్ ముట్టుకోను. ఇది రాయడానికి తప్ప

సెప్టెంబర్ 28. 6:00

లేచా!! చీకటి. చలి. అయినా లేచా!

6:20. తాత వంటింట్లో కూర్చుని పాఠం చెప్పాడు. హద్దురాయి ఒక్కటే కాదంట. ఒక చదునైన రాయిని రెండు ముక్కలు చేసి, హద్దురాయికి అటొకటి ఇటొకటి పాతిపెడతారంట. వాటిని సాక్షులంటారు. గొడవొస్తే తవ్వి తీసి కలుపుతారు. అతుక్కుంటే హద్దు నిజం. లేకపోతే అబద్ధం.

"మిగతావి ఎలా పోయినా పర్లేదు రా. ఐదోది మాత్రం జాగ్రత్త. దాని పక్కనే ఊట. ఆ రాయి అబద్ధమని తేలితే హద్దు నాలుగు నుంచి ఆరుకి తిన్నగా గీస్తారు. ఊట వాళ్ళకి పోద్ది. ఆగస్టులో మన ఆవులు ఏం తాగుతాయి?"

"సరే తాతా."

"ఆ ఒబ్దూలియా తొమ్మిదేళ్ళుగా దానికోసమే కాచుక్కూచుంది."

ఒబ్దూలియా అంటే కాస్త్రోమియెల్ పెద్ద. మీసాలున్న ఆడమనిషి. నాకు భయం లేదు.

2:40. తొమ్మిది రాళ్ళు అయ్యాయి! పదోది పొగమంచులో దొరకలేదు. తొమ్మిది అంటే సగం పైనే. మొదటి రోజుకి మస్తు!

సెప్టెంబర్ 29. 9:15

మూడో రాయి. ఓక్ అడవి. ఎవరూ లేరు. గొంతు సవరించుకుని పేరు అరిచా. మొదటిసారి నాకే వినపడలేదు. రెండోసారి కొంచెం. మూడోసారి గట్టిగా.

పొదల్లోంచి ఒకటి తిరిగి అరిచింది. నా కంటే పది రెట్లు.

మగ దుప్పి. ఈ నెలంతా ఆడవాటి కోసం అరుస్తుంటాయి కదా, నేను పోటీకి వచ్చాననుకుంది.

9:17. ఉరికా.

10:05. ఇల్లు. చెట్ల దగ్గర అరవడం ఎందుకు? చెట్లకేం తెలుసు పేర్లు? ఇక మనసులో అరుస్తా.

సెప్టెంబర్ 30. 11:30

నాలుగు కాళ్ళ మనుషులు వచ్చారు. పట్నం వాళ్ళు. చేతుల్లో రెండేసి కర్రలు, ఒంటి మీద పచ్చచిలక రంగు చొక్కాలు, వీపు మీద గొట్టంలోంచి నీళ్ళు పీలుస్తున్నారు. దూడలు నయం, తొట్టి దగ్గరికెళ్ళి తాగుతాయి.

వాళ్ళలో ఆవిడ ఐదో రాయిని కావలించుకుంది. "ఎంత శక్తి ఉందో దీంట్లో!" అంది. కళ్ళు మూసుకుంది. ఆయన ఫోటో తీశాడు. మా ఆవులు రోజూ దాని మీద దురద గోక్కుంటాయి, ఆ శక్తే.

"బాబూ, కనుమకి దారెటు?"

వేలు చూపించా. తర్వాత గుర్తొచ్చింది, అది కనుమ కాదు, మార్సియాల్ వాళ్ళ పందుల దొడ్డి.

వాళ్ళ వల్ల ఇవాళ ఐదు రాళ్ళతో ఆపేశా. మళ్ళీ ఎదురుపడితే?

అక్టోబర్ 1. 12:00

కనిపెట్టా!!! ఐదో రాయికి అరవై అడుగుల కింద పాత గొర్రెలకాపరి గుడిసె ఉంది. దాని గుమ్మంలో నాలుగు గీతల సిగ్నల్! ఇంట్లో ఒక్కటి కూడా రాదు.

ఐదోదే ముఖ్యం అని తాతే అన్నాడు కదా. ముఖ్యమైనదాన్ని బాగా చదవాలి. ఆరు నుంచి పదిహేడు వరకు ఏముంది, రాళ్ళ గుట్టలు. మేకలు కూడా పోవు.

4:30. వీడియోలు చూశా. బాగా చదివా.

అక్టోబర్ 2. 1:00

కొండెక్కితే ఆకలి. అమ్మ దగ్గర చిన్న పెనం, నాలుగు చోరీసోలు (ఎర్ర కారం సాసేజ్‌లు), రొట్టె తెచ్చుకున్నా.

పొయ్యికి రాళ్ళు కావాలి. ఐదో రాయి దగ్గర అడవిపంది నేలంతా కుళ్ళబొడిచి పోయింది. రెండు చదునైన రాళ్ళు బయటపడి ఉన్నాయి, అటొకటి ఇటొకటి. ఒక్కో దాని మీదా గీత కూడా చెక్కి ఉంది, పెనం జారకుండా. ఎంత అదృష్టం! గుడిసెకి మోసుకెళ్ళా.

సాసేజ్ కొవ్వు కరిగి ఎర్రగా పొంగి, రొట్టె ముంచుకుని తింటుంటే... ఆరో రాయి, నీ సంగతి రేపు.

అక్టోబర్ 4

పుట్టగొడుగుల సీజన్. బావ రెండు బుట్టలు తెచ్చాడు. నేను రాళ్ళు చూడాలా, పుట్టగొడుగులు చూడాలా? మనిషికి రెండే కళ్ళు.

పెనంలో పుట్టగొడుగులు: బాగున్నాయి.

అక్టోబర్ 6

వాన.

అక్టోబర్ 7

వాన ఆగింది. కానీ షూ ఆరలేదు.

అక్టోబర్ 8. 10:00

మంచం మీద పడుకుని పదిహేడు రాళ్ళూ మనసులో తిరిగా. పదకొండోదాకా వచ్చి నిద్రపోయా. కాళ్ళతో నడిచేవాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళు.

బావ కిటికీలోంచి: "ఏరా హద్దుల దొరా! ఇవాళ ఏ దేశం సరిహద్దు?"

ఆయన బండి టైర్లు ఊడిపోవాలి.

అక్టోబర్ 10

వేటగాళ్ళు అడవిపందుల కోసం దిగారు. అడవిలోకి పోకూడదు, ప్రమాదం. (వాళ్ళు అవతలి లోయలో ఉన్నారు. గుండు ఎటైనా రావొచ్చు.)

అక్టోబర్ 11. సాయంత్రం 6:00

తాత అడిగాడు. "అన్నీ చూశావా?"

"చూశా."

"ఐదో దాని సాక్షులు?"

"అవి భూమిలో కదా తాతా."

"అడవిపందులు తవ్వుతాయి రా ఈ కాలంలో. పైకి వచ్చుంటే మట్టి కప్పి రావాలి. మా నాన్న నన్ను పంపేవాడు, ప్రతి ఏడూ. రెండు చదునైన ముక్కలు. ఒక్కో దాని మీద సగం శిలువ చెక్కి ఉంటది."

గీతలు.

పెనం జారకుండా.

"కప్పావా?"

"ఆ."

తాత నా తల నిమిరాడు. చేతికర్రతో ఒకటి ఇచ్చుకున్నా బాగుండేది.

రేపు తెల్లారుజామునే పోయి పెట్టేస్తా. అలారం 5:00.

అక్టోబర్ 12. 8:25

అలారం మోగింది. ఆపింది ఎవరో నాకు తెలీదు. వేలు మాత్రం నాదే.

రాత్రి 8:00. అయింది. చెప్తా.

ముప్పై మంది. తాత, మార్సియాల్ వాళ్ళ గాడిద మీద. ముందు నేను. ఆచారం ఏంటంటే, అందరికంటే చిన్నవాడి చెవిని ప్రతి రాయి దగ్గరా అవతలి ఊరి పెద్ద మెలిపెట్టాలి, జన్మలో మర్చిపోకుండా. చిన్నవాణ్ణి కూడా నేనే. ఒబ్దూలియా వేళ్ళు చూశారా ఎవరైనా? పాలు పితికే వేళ్ళు. దయాదాక్షిణ్యం లేదు.

మొదటి రాయి. అరిచా. "ఏంటి, దోమా?" అంది ఆవిడ. వాళ్ళ ఊరంతా నవ్వింది. మా ఊరు కూడా. చెవి.

నాలుగో రాయికి నా చెవి చోరీసో రంగు.

ఐదో రాయి. ఒబ్దూలియా నడుం మీద చెయ్యేసి నిలబడింది. "సెఫెరీనో గారూ, ఈ రాయి మా తాత కాలంలో ఇంకా కింద ఉండేది. మీవాళ్ళు జరిపారు."

"నోరు జాగ్రత్త ఒబ్దూలియా. సాక్షులు ఉన్నాయి."

"తియ్యండి మరి."

తాత నావైపు చూశాడు. "చూపించరా."

అటు గుంట. ఇటు గుంట. రెండూ ఖాళీ. ఆవిడ ఎండుపుల్లతో గుంట కెలికింది. "సాక్షులు పెళ్ళికి పోయారా? లేవు. అంటే నాలుగు నుంచి ఆరుకి తిన్నగా గీత. ఊట మాది. రాసుకో," అంది వాళ్ళ కుర్రాడితో. వాడు పుస్తకం తెరిచాడు.

తాత గాడిద మీంచి దిగబోయాడు, మోకాలు ఒప్పుకోలేదు, జీను పట్టుకుని వేలాడాడు. మొహం బూడిద రంగు. నన్ను తిట్టలేదు. నావైపు చూడ్డం మానేశాడు, అంతే.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఆ దుప్పి కూడా అలా అరవలేదు.

"పొయ్యిలో ఉన్నాయి!!!"

కొండ మూడుసార్లు తిరిగి చెప్పింది. పొయ్యిలో. పొయ్యిలో. పొయ్యిలో.

"ఏ పొయ్యి?" అంది ఒబ్దూలియా.

"నా పొయ్యి. కింద గుడిసెలో. వాటి మీద చోరీసో వేయించుకున్నా. పది రోజుల్నుంచి. ఆపకుండా ఇదే పని చేశా. ఆరో రాయికి కూడా పోలేదు మళ్ళీ."

(చివరి ముక్క ఎవరడిగారు నన్ను?)

పరిగెత్తి తెచ్చా. నల్లగా, జిడ్డుగా. కలిపా. అతుక్కున్నాయి. శిలువ పూర్తయింది. తర్వాత గుంటల్లో పెడితే పళ్ళు చిగుళ్ళలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఒబ్దూలియా మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. వేలితో జిడ్డు తీసి రుచి చూసింది.

"ఉప్పు ఎక్కువేశారు మీ ఇంట్లో," అంది. లేచింది. "హద్దు సరే. ఊట మీదే. కానీ రాయి పేరు మారుస్తున్నా. రాసుకో: ఐదోది, పెనం రాయి."

"అలా కుదరదు," అన్నాడు తాత.

"రెండూళ్ళూ ఒప్పుకుంటే కుదురుద్ది. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. మా ఊరు కూడా. బావ రెండు చేతులూ ఎత్తాడు. తాత... తాత ఒకటి ఎత్తాడు. దొంగ. నవ్వుతున్నాడు.

ఆరు నుంచి పదిహేడు దాకా దారి కాస్త్రోమియెల్ వాళ్ళే చూపించారు. మేం తాడు కట్టిన దూడల్లా వాళ్ళ వెనక. పన్నెండుసార్లు చెవి. ఎడమది అయ్యాక కుడిది.

అక్టోబర్ 13. మధ్యాహ్నం 1:00

ఎడమ చెవి మీద పడుకోలేను. కుడి చెవి మీదా పడుకోలేను.

బావ బండి మీద సుద్దముక్కతో పెనం బొమ్మ వేసి ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. పట్నం వాళ్ళు పందుల దొడ్డిలోంచి బయటపడి బార్‌లో అడిగారంట, "మూగబ్బాయి బాగున్నాడా?" అని. బార్ అంతా ఒకేసారి అరిచిందంట: "పొయ్యిలో ఉన్నాయి!"

తాత పొద్దున అన్నాడు: "తొమ్మిదేళ్ళు ఉన్నాయి రా. మళ్ళీ నువ్వే. అప్పుడు ఐదోదాని పేరు రెండూళ్ళ ముందు మూడుసార్లు అరవాలి నువ్వు."

పెనం రాయి. పెనం రాయి. పెనం రాయి. నా నోటితో నేనే.

ఒబ్దూలియా అప్పటికి చచ్చిపోవచ్చు అనుకున్నా. తాత అన్నాడు, వాళ్ళమ్మకి నూటొకటి, నిన్న కట్టెలు కొట్టిందంట.

కాబట్టి. రేపట్నుంచి:
- పొద్దున 6కి లేవడం
- పదిహేడు రాళ్ళూ. ఆరు నుంచి మొదలుపెడతా, ఐదు దగ్గర ఆగకుండా
- ప్రతి రాయి దగ్గరా అరవడం. దుప్పి వచ్చినా సరే
- పెనం ఇంట్లోనే

అంటే, పెద్ద పెనం. చిన్నది సంచిలో.