రూతుకు కీర్తన నేర్పింది నేను కాదు

నాంపల్లి
ఆదివారం రాత్రి, జూలై 1938

నా మీద నాకే రోత పుడుతోంది.

పొద్దున ఆబిడ్స్‌లో ఆరాధన ముగిశాక మా రూతు లేచి ఇరవై మూడవ కీర్తన తడుముకోకుండా అప్పజెప్పింది. పాస్టరయ్యగారు నన్ను లేపి నిలబెట్టి, "తల్లి లేని పిల్లకు ఇంట్ల వాక్యం నేర్పిండు. తండ్రంటే గిట్ల ఉండాలె" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నేను చేతులు జోడించి నవ్వాను.

ఒక్క వచనం కూడా నేను నేర్పలేదు. ఆఫీసు నుంచి వస్తే నాకు చుట్టా, పేపరూ కావాలి.

దారిలో అడిగాను. "ఎవరు నేర్పిన్రు బిడ్డా?"

"మరియమ్మ. పాయఖానా కడిగినంక వెనక మెట్ల మీద కూసొని రోజుకింత చెప్తది."

మా ఇంట్లో మరుగుదొడ్డి కడిగే మరియమ్మకు అక్షరం రాదు, విన్న వాక్యమే కంఠతా పట్టింది. ఆమెదీ మా విశ్వాసమే. అయినా గడప దాటనివ్వం, దాహమంటే దోసిట్లో నీళ్ళు పోస్తాం. ఆ కట్టడి పెట్టింది సంఘపెద్దనైన నేనే.

"మరి అయ్యగారికి గా ముచ్చట ఎందుకు చెప్పలె నాయినా?" అంది రూతు. నేను టోపీ సర్దుకున్నాను.

సాయంత్రం సిగ్గుపడి బైబిలు తెరిచాను. "రా బిడ్డా, ఇయ్యాల్టి సంది నేనే నేర్పుత" అని పిలిచాను.

దాని ముఖం వెలిగిపోయింది. "రేపు పొద్దుగాల చదువుదాం నాయినా. మరియమ్మ గూడ లోపలికొచ్చి మనతోని కూసుంటది."

నేను బైబిలు మూశాను. "చూద్దాంలే" అన్నాను.

ఛీ.