వెనక సీటు తరఫున

షబ్బీర్ అన్నయ్యకి,

స్పోర్ట్స్ కారు మామూలు రకం కొననా, ఎక్కువ పవరున్నది కొననా అని అడిగావు. రెండు బ్రోచర్లూ పరీక్షకి చదివినట్టు చదివాను. పవరున్నది రెప్పపాటులో వంద స్పీడు అందుకుంటుందట. గరికపాడు దగ్గర సిమెంటు లారీ వెనక చిక్కితే మాత్రం రెండూ నడకే.

అసలు సంగతి వేరే ఉంది. బరువు తగ్గించడానికి పవరున్నదాంట్లో వెనక సీటు తీసేశారు. పెళ్ళయ్యాక నందిగామ నుంచి కారు నువ్వే నడుపుతానన్నావు. నీ పక్కన తబస్సుం వదిన కూర్చుంటుంది. కొత్త కోడలితో పాటు ఆడపడుచు రావడం మనింటి ఆనవాయితీ కదా! నానమ్మకి చెప్తే, "ఏందీ, చెల్లెల్ని డిక్కీలో ఏసుకొస్తాడంటా?" అంది.

అందుకే నిష్పక్షపాతంగా చెబుతున్నాను, మామూలు రకమే కొను. ఇందులో నా స్వార్థం ఎక్కడుందని వెతక్కు. వెనక సీట్లోనే ఉంది.

నీ చెల్లెలు