పన్నెండో ముక్క

ఆదివారం, జూన్ 14
మధ్యాహ్నం, వంటింటి బల్ల దగ్గర

చిరంజీవి పిట్టకు,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. నీ గది కిటికీ రెక్క ఈసారి నిజంగానే బాగుచేయించాం, గాలికి కొట్టుకోవడం లేదు. ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టడం లేదని మీ నాన్న గొణుగుతున్నారు. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. అబద్ధమైనా సరే, తింటున్నానని రాయి.

లేని మనిషి వస్తువును ముట్టుకోవాలంటే ఎవరినడగాలి? మీ నాన్నని పెళ్లాడి ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాది నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. కాలేజీలో నలుగురికి పాఠాలు చెప్పేదాన్ని, దీన్ని మాత్రం ఎవరినీ అడగలేదు.

పోయిన నెల నువ్వు ఫోన్ చేసి, అమ్మ పెన్ను ముక్కలు ఆ రేకు డబ్బాలో ఇంకా ఉన్నాయా పిన్నీ, సర్వే ఆఫీసులో నా మొదటి పటం కింద సంతకం పెట్టడానికి వాటితో ఏమైనా చేయించగలవా అని అడిగావు. నేను ఫోన్ బల్ల మీద పెట్టి అటక కింద స్టూలు వేశాను. లైను కట్టయిందనుకున్నావు. కట్టవలేదు.

డబ్బా కిందికి దించాను. పదేళ్లప్పుడు నువ్వు మూతకి అంటించిన కాగితం అలాగే ఉంది. అమ్మ పెన్ను, పదకొండు ముక్కలు, ఎవరూ ముట్టుకోకూడదు అని. ‘ఎవరూ’ కింద రెండు గీతలు. కళ్లజోడు వెతుక్కుంటూ పొరపాటున తొక్కేశానని మీ నాన్న చెప్పిన రోజు రాశావది. ఆ వేసవంతా ఆయన్ని నాన్నా అని పిలవలేదు. ఏమండీ, అన్నం పెట్టేశారట రండి అనేదానివి. ఆయన నవ్వేసేవారు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

సరే, పని సంగతి. కాలేజీకి వెళ్లే దారిలో సైకిళ్ల కొట్టు పక్క సందులో పెన్నుల తాతగారని ఒకాయన ఉన్నారు. రెండు ద్రవాలు కలిపితే గాజులా గట్టిపడే రెసిన్‌ని అచ్చుల్లో పోసి కడ్డీలు చేస్తారు. కడ్డీని నిలువునా తొలిచి, ఇత్తడి గొట్టం దూర్చి, గిర్రున తిప్పే లేత్ మీద చెక్కి, కిట్ బిగిస్తే పెన్ను. కిట్ అంటే పాళీ, క్లిప్పు వగైరా సరంజామా. నాకు చేసిపెట్టక్కర్లేదు, నేర్పండి, నేనే పోస్తానన్నాను. ఆయన కళ్లజోడు మీంచి చూసి, లెక్చరరమ్మగారూ, ఇక్కడ మీరు మార్కులెయ్యరు, రెసినే మీకు వేస్తుంది అన్నారు.

వేసింది, సున్నా. ముందు మీ నాన్న పాత దువ్వెన విరిచి ఆ ముక్కలతో సాధన చేశాన్లే, భయపడకు. ఆయన లబోదిబోమంటే, దువ్వడానికి ఏముందండీ అక్కడ అన్నాను. మొదటిసారి రెండు ద్రవాలూ తూకం వెయ్యకుండా కంటికొలతన కలిపాను. మూడు రోజులైనా గట్టిపడలేదు, వేలు పెడితే సాగింది. రెండోసారి ముక్కలు కడిగి సరిగ్గా ఆరబెట్టలేదు, కడ్డీ నిండా బుడగలు. మూడోసారి అంతా ఒకేసారి పోస్తే ముక్కలన్నీ అడుక్కి చేరాయి, నా క్లాసులో వెనక బెంచీల వాళ్లలా. సగం పొయ్యండి, అది కాస్త బిగిసేదాకా ఆగండి, అప్పుడు ముక్కలు పేర్చి మిగతాది పొయ్యండి, మీకు ఆగడం రాదమ్మా, అదే మీ జబ్బు అని తాతగారు చీవాట్లు పెట్టారు. మీ నాన్న పెట్టే చీవాట్లే ఇవీ.

ఆగడం వచ్చాక అసలు చిక్కు వచ్చింది. ఏ కిట్‌కి అని అడిగారాయన. సన్నటి బాల్‌పెన్ కిట్ అయితే కడ్డీ చుట్టూ చాలా చెక్కెయ్యాలి, అంచున ఉన్న ముక్కలు పోతాయి. లావుపాటి సిరాపెన్ను కిట్ అయితే మధ్యలో పెద్ద బెజ్జం పెట్టాలి, లోపలి ముక్కలు పోతాయి. ముందే కిట్ తేల్చుకుంటే దాని ఇత్తడి గొట్టానికే ముక్కలు అతికించి చుట్టూ రెసిన్ పొయ్యొచ్చు, ఒక్కటీ పోదు. కానీ ఆ గొట్టం ఆ ఒక్క కిట్‌కే పనికొస్తుంది. కొలతలివ్వకుండా చొక్కా కుట్టమంటే ఎలాగమ్మా అన్నారు.

అందుకే ఆవేళ నీకు ఫోన్ చేశాను. నువ్వు ఏదో హడావుడిలో ఉండి, నీ ఇష్టం పిన్నీ అనేశావు. పదమూడేళ్లలో నువ్వు నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నా ఇష్టం చేయలేకపోయాను తల్లీ. గొట్టం పెట్టకుండా, ఏ కిట్‌కైనా సరిపోయేంత లావుగా పోశాను. నీళ్లంత తేటగా వచ్చింది, మధ్యలో మీ అమ్మ పెన్ను ముదురాకుపచ్చ ముక్కలు. తాతగారు వెలుతురుకి పెట్టి చూసి, పాసయ్యారు అన్నారు. కడ్డీతోపాటు మూడు కిట్లూ పంపుతున్నాను. సన్నదైనా, లావుదైనా, మధ్యరకమైనా కొంత పోతుంది. ఏది పోవాలో నువ్వే చెప్పు, నువ్వు వచ్చినప్పుడు తాతగారు చెక్కుతారు. అసలు చెక్కొద్దనుకుంటే అలాగే ఉంచుకో, పటాల మీద బరువుకి పనికొస్తుంది. నిర్ణయం నీకు వదిలెయ్యడం మర్యాదో, పిరికితనమో నాకు తెలియదు. రెండూ కావచ్చు.

ఎండలో తిరిగే ఉద్యోగం, టోపీ మరిచిపోకు.

నీ
పిన్ని

తా.క. కడ్డీ చేతికందగానే ముక్కలు లెక్కపెడతావని తెలుసు. పన్నెండు వస్తాయి. నీ పాత లెక్క తప్పు కాదు. బంగారు గీత ఉన్న ఆ పన్నెండో ముక్క ఇన్నేళ్లూ నా కళ్లజోడు పెట్టెలో ఉండిపోయింది, ఇప్పుడు దాన్నీ కలిపి పోశాను.

మీ నాన్న ఆ పెన్నును తొక్కలేదు. సిరా ఎండి మూత పట్టేసి ఉంటే పటకారుతో తిప్పింది నేను. నా చేతిలోనే పగిలింది. నేను నోరు తెరిచేలోగా ఆయన నీకు కళ్లజోడు కథ చెప్పేశారు. నీ మీద అలిగితే అది తిరిగి నీ దగ్గరికి రాదు, నా కూతురు నా దగ్గరికైతే ఎలాగైనా వస్తుంది అన్నారు తర్వాత నాతో. నేను ఊరుకున్నాను. ఒక రోజు ఊరుకున్నది పదమూడేళ్లయింది. ఇవాళ నీకు రాస్తున్నానని ఆయనకి చెబితే, నేను ఇన్నాళ్లు మోసిన నింద ఇప్పుడు లాక్కుంటావా అని నవ్వారు. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. నాకు తర్వాతైనా పరవాలేదు.

నీ పరీక్షలకి ఇద్దామని బాగుచెయ్యబోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ రోజు బల్ల మీద ఒక తెల్లకాగితం కూడా పెట్టుకున్నాను. నీకోసమే ఆ పెన్ను తీశానో, మీ అమ్మ పెన్నుతో రాస్తే నా పేరు ఎలా ఉంటుందో చూసుకుందామని తీశానో, అది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.