దూదికి దొరికిన చీలిక

ఏవండీ,

డ్యూటీకి వెళ్తున్నాను. మీరు షాపువాడితో గంటసేపు మాట్లాడి మరీ తెప్పించిన కొత్త కార్బన్ బాణాలు వాపస్ పంపించండి. మన క్రాస్‌బో విల్లుకి వెనక తాడు పట్టే గాడి ఉన్నవే వాడమని మాన్యువల్‌లో రాసుంది. ఇవి చదునుగా ఉన్నాయి, తాడు తప్పితే విల్లు విరిగి మీకే తగులుతుంది. పాతవాటిని దూదితో తుడిచి చూశాను. ఒకదానికి దూది పీచు పట్టుకుంది, అంటే చీలిందన్నమాట. దాన్ని విరిచి పారేశాను. మిగతా ఐదూ బాగున్నాయి, రేపు వేటకి వాటితోనే వెళ్ళండి. పోపు వాసనకి జింకలు రావన్నారుగా, మీ జాకెట్ గరాజ్‌లో తగిలించాను.

జోసఫిన్

జింక వచ్చేదాకా పక్కనున్న మనిషితో కూడా మాట్లాడకూడదటగా. వచ్చే శనివారం నాకు సెలవే, నన్నూ తీసుకెళ్ళండి. మీ పక్కన మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఇంట్లోనే అలవాటైంది.